ఎదురుగా వచ్చే ఆటలు

పగలంతా బస్సు తోలి, ఇంటికొచ్చి మళ్ళీ టీవీలో కారు తోలే మనిషిని ఏమనాలి? పిచ్చివాడనేది అతని భార్య. ముద్దుగా కాదు, మనస్ఫూర్తిగానే అనేది. బేకరీ కౌంటరు వెనక రోజంతా నిలబడి, కాళ్ళు ఈడ్చుకుంటూ ఆవిడ ఇల్లు చేరేసరికి, ఈ మహానుభావుడు డ్యూటీ చొక్కా కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చుని, నాలుక కాస్త బయటపెట్టి, తెరలో ఉన్న ఎవడితోనో హోరాహోరీగా పోట్లాడుతూ ఉండేవాడు.

"రోడ్డు మీద సరిపోలేదాండీ?" అనేది ఆవిడ, చెప్పులు విడుస్తూ.

"అక్కడ జనం ఉంటారే. ఇక్కడైతే గుద్దినా ఎవడూ పోడు" అనేవాడు డ్రైవరు, తల తిప్పకుండానే. ఆ మాటకి అప్పట్లో ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు.

ఈ ఆటల పిచ్చి ఇవాళ పట్టుకున్నది కాదు. మేనమామ ఎప్పుడో తెచ్చిచ్చిన, అరచేతిలో ఇమిడే పెట్టెతో మొదలైంది. పైనుంచి ఇటుకలు రాలుతుంటాయి, కింద సందులు లేకుండా పేర్చుకోవాలి. దాని కోసం అన్నదమ్ములిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుంటే, తల్లి ఆ పెట్టెలో బ్యాటరీలు తీసి ఎక్కడో దాచేసింది. అన్నగారు ఏడ్చి పడుకున్నాడు. మనవాడు గోడ గడియారంలో బ్యాటరీ పీకి పెట్టెలో వేసుకున్నాడు. ఆ ఇంట్లో పొద్దు ఎంతయిందో చాలాకాలం పాటు ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

ఆ తర్వాత వీధి చివర కొట్లో అద్దెకిచ్చే ట్యాంకుల ఆట. మధ్యలో మన కోట, నాలుగు వైపుల నుంచి శత్రువుల ట్యాంకులు. ఏ మూల నుంచి ఏది వస్తుందో కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఆటలో అతణ్ణి ఓడించిన మొనగాడు ఆ వీధిలో పుట్టలేదు. "వీడికి చెవుల మీద కూడా కళ్ళున్నాయిరా" అని పందెం ఓడినవాళ్ళు తిట్టుకుంటూ పోయేవారు. ఆ తిట్టు అతనికి బిరుదులా ఉండేది. పెళ్ళయ్యాక కూడా, అత్తవారింట్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఈ సంగతి చెప్పేవాడు.

కూతురు పుట్టాక, డిపోలో మెకానిక్కు అమ్మేస్తానంటే పాత ఆటల మిషను ఒకటి కొన్నాడు. ఆశగా ఆ చిన్ననాటి ట్యాంకుల ఆటనే కొత్త హంగులతో వచ్చినదాన్ని వెతికి తెచ్చుకున్నాడు. నాలుగు రోజులు ఆడాడు. ఐదో రోజు పెట్టెలో పెట్టి అలమర పైకి ఎక్కించేశాడు. "దొంగాట. ఎక్కడి నుంచో ఊడిపడి కొడతారు. న్యాయం లేదు" అన్నాడు. ఫుట్‌బాల్ ఆట తెచ్చాడు. బంతి ఎటు పోతుందో తెలిసి చావదని అదీ మూలన పడేశాడు. చివరికి కార్ల పందేల దగ్గర స్థిరపడ్డాడు. తెర మధ్యలో రోడ్డు, ఆ రోడ్డు మీద తను, ఎదురుగా వచ్చేవి వస్తుంటాయి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. దానికో సిద్ధాంతం కూడా కట్టాడు. ఆట అంటే ఎదురుగా రావాలట. మొహం మీదకొచ్చినదాన్ని తప్పించుకోవడంలోనే మగతనమూ మజా రెండూ ఉన్నాయట. పక్కనుంచి వచ్చేవన్నీ పిరికిపందల ఆటలట. డిపో క్యాంటీనులో టీ తాగుతూ ఈ ఉపన్యాసం ఇస్తుంటే, అతని బస్సు కండక్టరు "అన్నా, టైమైంది" అని చొక్కా పట్టుకుని లాక్కుపోయేవాడు. వయసు మీద పడేకొద్దీ మనిషి అభిరుచులు మారతాయని అతను నమ్మాడు. ఎవరైనా అంతే నమ్ముతారు.

కూతురు చిట్టి ఎదిగి, చేతికి ఆట అందుకునే వయసు వచ్చాక ఇంట్లో కొత్త ఆట దిగింది. రంగు తుపాకుల ఆట. తెర అడ్డంగా రెండు సగాలవుతుంది. పై సగం చిట్టిది, కింది సగం నాన్నది. ఇద్దరూ గోడల మధ్య తిరుగుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు రంగు కొట్టుకోవాలి. మొదట్లో చిట్టి ఓడిపోయి ఉడుక్కునేది, కంట్రోలరు విసిరికొట్టి తల్లి చేత తన్నులు తినేది. ఉన్నట్టుండి గెలవడం మొదలెట్టింది. మొదలెట్టాక ఇక ఆగలేదు. డ్రైవరు నీలం రంగులో మునిగి తేలడం ఆ ఇంట్లో రోజూ జరిగే ముచ్చట అయిపోయింది.

"నా రక్తమే కదా, ఎక్కడికి పోతుంది" అని అతను పొంగిపోయేవాడు. ఓడిపోయి పొంగిపోయేవాణ్ణి చూడాలంటే కూతురున్న తండ్రిని చూడాలి.

ఓ సెలవు రోజు మధ్యాహ్నం మరదలు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నోరు ఊరుకోదు, అందులోనూ బావంటే మరీ. పిల్లలిద్దరూ టీవీ ముందు చేరారు. చిట్టి ఆ చిన్నదానికి పాఠం చెబుతోంది, పెద్ద గురువుగారిలా.

"పెదనాన్నతో ఆడితే ఎడమ పక్కనుంచి పోవాలి. కింద పెదనాన్న తెర కూడా మనకి కనపడుతుంది కదా. అందులో నువ్వు కనపడుతూనే ఉంటావ్. కానీ ఆయన చూడరు. పరిగెత్తక్కర్లేదు, మెల్లగా నడుచుకుంటూ పోయినా చాలు."

"ఎందుకు చూడరు?"

"ఏమో. చూడరంతే. ఎప్పట్నించో అంతే."

మరదలు పక్కుమని నవ్వింది. "ఏం బావా, చెవుల మీద కళ్ళున్నాయని మా పెళ్ళి పందిట్లో కూడా కోశావు కదా కోతలు. పిల్లలకి లోకువైపోయావే" అంది. డ్రైవరు కూడా నవ్వాడు. మరదలి నవ్వు మాత్రం మధ్యలో ఆగిపోయింది. లేచి వచ్చి, కుర్చీ లాక్కుని అతనికెదురుగా కూర్చుంది.

"బావా, నా ముక్కు చూడు. కళ్ళు అటూ ఇటూ తిప్పకు."

"నీ ముక్కులో చూడ్డానికేముందే. మీ ఆయన్ని కూర్చోబెట్టుకో."

"హాస్యాలు తర్వాత. ముక్కే చూడు." ఆమె చెయ్యి పక్కకి చాపింది. "ఇప్పుడు చెప్పు, ఎన్ని వేళ్ళు?"

"ఏ వేళ్ళు?" అన్నాడు డ్రైవరు.

మరదలు చెయ్యి కొంచెం తనవైపు జరిపింది, ఇంకొంచెం జరిపింది. అతను ఆమె ముక్కునే చూస్తున్నాడు, పరీక్షలో బాగా రాస్తున్న పిల్లాడి మొహంతో. ఆ చెయ్యి దాదాపు ఆమె చెవి దగ్గరికొచ్చాక "ఆ, మూడు" అన్నాడు సంతోషంగా. అది చూసి భార్య వంటింటి గుమ్మంలోనే చతికిలబడింది.

డిపోలో ఏటేటా కళ్ళ పరీక్ష చేస్తారు. గోడ మీద అక్షరాల పటం తగిలించి, దూరంగా నిలబెట్టి చదవమంటారు. అందరికంటే కింది వరస గడగడా చదివి వచ్చేవాడు మన డ్రైవరే. ఎదురుగా ఉన్నదేదైనా అతనికి ఇప్పటికీ అద్దంలా కనిపిస్తుంది. పక్కన ఏమవుతోందో ఆ పటం అడగలేదు, ఇతను చెప్పలేదు.

కంటి ఆసుపత్రికి వెళ్ళిన రోజు భార్యకి బేకరీలో సెలవు దొరకలేదు. చిట్టి తోడు వెళ్ళింది. అక్కడ ఒక గిన్నెలాంటి తెల్లటి మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, చేతికొక మీట ఇచ్చారు. మధ్యలో చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టుపక్కల ఎక్కడైనా వెలుగు మెరిస్తే మీట నొక్కాలి. డ్రైవరు మొహం వికసించింది. ఇదేదో తనకి పుట్టుకతో వచ్చిన విద్యే. నాలుక కాస్త బయటపెట్టి, మెరిసినప్పుడల్లా ఠక్కున నొక్కాడు. బయటికొచ్చి కూతురి పక్కన కూర్చుంటూ "ఒక్కటి కూడా వదల్లేదు చిట్టీ" అన్నాడు. కనపడనివి వదిలినట్టు అతనికెలా తెలుస్తుంది పాపం.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టింది. రెండు గుండ్రని బొమ్మలు, ఒక్కో కంటికి ఒకటి. అంచులన్నీ నల్లగా, ఎడమవైపైతే మరీ నల్లగా, మధ్యలో మాత్రం కాస్త తెలుపు. నల్లగా ఉన్నదంతా చూపు పోయిన మేరట.

"ఈ జబ్బుకి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కనుంచి మెల్లగా తినుకుంటూ వస్తుంది" అంది ఆవిడ. మంచి మనిషి, మెత్తగానే చెప్పింది. "పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకుందాం. నిరుడో, ఆ ముందటేడో వచ్చి ఉంటే చాలావరకు దక్కేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఆ చివరి మాట ఎవరినీ నొప్పించాలని అన్నది కాదు. పదిమందినీ అడిగినట్టే అడిగింది. డ్రైవరు "లేదండీ" అన్నాడు. బస్సు తోలొచ్చా అని అడగబోయి ఆగాడు. అడగకుండానే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. చిట్టి ఆ నల్ల బొమ్మలకేసి చూస్తూ కూర్చుంది. వచ్చే దారిలో ఐస్‌క్రీము కొనిస్తానంటే వద్దంది.

మర్నాడు డిపోకి వెళ్ళి, తాళాలు ఇచ్చేశాడు. ఇన్నేళ్ళ స్టీరింగు, చేతులు కడుక్కున్నంత సేపట్లో పోయింది. దయతలచి మరుపు సామాన్ల గదిలో వేశారు. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, వాటికోసం వచ్చేవాళ్ళూ. గొడుగు పోగొట్టుకున్నవాడు నల్లగొడుగు అని తప్ప ఇంకేమీ చెప్పలేడు. అక్కడున్నవన్నీ నల్లవే. వచ్చినవాడు విసుక్కుంటాడు. ఇతను తల పూర్తిగా ఆ గోడ నుంచి ఈ గోడకి తిప్పుకుంటూ వెతుకుతాడు.

కండక్టరు ఒకరోజు చూడ్డానికొచ్చాడు. గొడుగుల మధ్య కూర్చుని టీ తాగుతూ, "అన్నా, ఒకటడుగుతా ఏమనుకోకు. ఎడమ పక్క ఏదైనా బండి దగ్గరికొస్తే బస్సు రేకు మీద కొట్టమన్నావు గుర్తుందా? చెయ్యి వాచిపోయేలా కొట్టేవాణ్ణి. ఎందుకన్నావప్పుడు?" అన్నాడు.

"ఇరుకు వీధులు కదా."

"అవునవును, ఇరుకే" అని కండక్టరు గ్లాసు కింద పెట్టి, మాట మార్చేశాడు.

ఉద్యోగం పోవడం పెద్ద దెబ్బే. అయినా డ్రైవరు దాన్ని ఎలాగో మింగాడు. మింగుడు పడనిది చిట్టి. పిల్ల ఆటల మిషను వైపు కన్నెత్తి చూడటం మానేసింది. కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. బడిలో టీచరు తిట్టిందా అంటే లేదంటుంది, ఒంట్లో బాగోలేదా అంటే బాగుందంటుంది. తల్లి అతని కళ్ళల్లో చుక్కలు వేసే వేళకి మాత్రం ఎక్కడున్నా వచ్చి, కాస్త దూరంగా నిలబడి, ఆ చుక్క సరిగ్గా పడిందా లేదా అని చూసి వెళ్ళేది. ఆ చూపు డ్రైవరుకి అర్థమైంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా అన్న ప్రశ్నకి ఆ ఇంట్లో జవాబు తెలిసినది ఒక్క చిట్టి, ఆ జవాబు మోస్తూ తిరుగుతున్నది కూడా అదే.

ఆ సాయంత్రం భార్య లోపల బట్టలు మడతపెట్టుకుంటోంది. డ్రైవరు రెండు కంట్రోలర్లూ తుడిచి, ఒకటి కూతురి ఒళ్ళో పెట్టాడు.

"రావే, ఒక్క ఆట. మీ నాన్నని నీలం చేసి ఎన్నాళ్ళైంది."

చిట్టి దాన్ని ముట్టుకోలేదు. "నాకు తెలుసు నాన్నా" అంది.

"ఏం తెలుసు?"

"నీకు అటుపక్క కనపడదని. పిన్ని రాకముందే తెలుసు. చాలా ముందే. కింద నీ తెరలో నేను ఇంత పెద్దగా కనపడేదాన్ని, నువ్వు చూసేవాడివి కాదు. మొదట ఊరికే వదిలేస్తున్నావేమో అనుకున్నా. తర్వాత కాదని తెలిసింది. చెబితే నువ్వు చూసుకుంటావు కదా, అప్పుడిక నేను గెలవను. అందుకని చెప్పలేదు." దాని గొంతు వణకలేదు. ఎన్నోసార్లు లోలోపల చెప్పుకున్న మాటలు అలాగే ఉంటాయి. "అప్పుడు చెప్పుంటే నీ కళ్ళు దక్కేవి. డాక్టరు చెప్పింది."

డ్రైవరు తన కంట్రోలరు పక్కన పెట్టాడు. నీ తప్పేం లేదమ్మా అనొచ్చు. ఎవరు ఎన్నిసార్లు అన్నా పిల్లలు ఆ మాట నమ్మరు. నీకేం తెలుసు, చిన్నదానివి అనొచ్చు. తెలుసని అదే చెబుతోంది. ఈ బరువు దీనితో పాటే పెరుగుతుంది, పెళ్ళై పిల్లల్ని కన్నాక కూడా చుక్కల మందు సీసా ఎక్కడ చూసినా దీనికి ఇదే గుర్తొస్తుంది. అలాంటప్పుడు మనిషికి ఏది తోస్తే అదే మాట.

"పిచ్చిదానా, నాకు నీకంటే ముందే తెలుసు" అన్నాడు.

చిట్టి తలెత్తింది.

"నా కళ్ళు నాకు తెలీదా? నువ్వు కనిపెట్టడానికి ఎంతో ముందే తెలుసు. డాక్టరు దగ్గరికెళ్తే డ్యూటీ పీకేస్తారని భయపడి నోరు మూసుకుని కూర్చున్నా. నువ్వు చెప్పినా వెళ్ళేవాణ్ణి కాదు. తప్పంతా నాది."

"నిజంగా?"

"నిజంగా. నీ మీద ఒట్టు."

ఒట్టు కూడా వేశాడు. పిల్ల మొహంలోకి రంగు రావడం అతను కళ్ళారా చూశాడు. ఎదురుగానే ఉంది కాబట్టి చూడగలిగాడు. అది పెద్ద ఊపిరి ఒకటి వదిలి, అతని భుజానికి తల ఆనించింది. జన్మలో ఇంత మంచి అబద్ధం ఆడలేదనుకున్నాడు డ్రైవరు. ఆడి గెలిచిన ఆటలన్నీ దీని ముందు దిగదుడుపే అనుకున్నాడు. కూతురి జుట్టు నిమురుతూ కాసేపు హాయిగా కూర్చున్నాడు.

"మరి నాన్నా" అంది చిట్టి, తల ఆనించే ఉండి. "తెలిసే తోలావా?"

అతని చెయ్యి ఆగింది.

"నేను రోజూ నీ బస్సులోనే కదా బడికెళ్ళేదాన్ని. ముందు సీట్లో కూర్చోబెట్టేవాడివి. నా స్నేహితులు కూడా ఎక్కేవాళ్ళు. అటుపక్క ఏమీ కనపడదని తెలిసే తోలావా?"

లేదమ్మా, ఊరికే అన్నాను, నాకేం తెలీదు అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే తప్పు మళ్ళీ పిల్ల ఒళ్ళోకి వెళ్ళి పడుతుంది. పోనీ ఆ మాటైనా నిజమేనా? తెలియకపోతే కండక్టరు చేత రేకు ఎందుకు కొట్టించాడు? మెకానిక్కుని బతిమాలి ఎడమవైపు ఇంకో అద్దం ఎందుకు బిగించుకున్నాడు? చిన్నప్పుడు ప్రాణంగా ఆడిన ట్యాంకుల ఆటని నాలుగు రోజుల్లో అలమర పైకి ఎందుకు ఎక్కించాడు? ఎదురుగా వచ్చేవే ఆటలని క్యాంటీనులో ఎవరికి నచ్చజెప్పాడు అంతసేపు? డ్రైవరు తన లోపలంతా వెతుక్కున్నాడు. తెలియదని గట్టిగా చెప్పే చోటు ఒక్కటీ దొరకలేదు.

"చెప్పు నాన్నా."

చిట్టి జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత మెల్లగా అతని భుజం మీంచి తల తీసేసింది. ఒళ్ళో ఉన్న కంట్రోలరు సోఫా మీద జాగ్రత్తగా పెట్టి, లోపలికి వెళ్ళి, బట్టలు మడతపెడుతున్న తల్లి పక్కన కూర్చుంది.